జ్వరము రాని సెలవుచీటి

మన పాఠశాలలలో ఆంగ్లమున సెలవుచీటి వ్రాయ నేర్చిన బాలబాలికలందఱికిని ఒకే వ్యాధి వచ్చుచుండును. అక్క పెండ్లికి బోయినవాడును, తల్లి వెంట పత్తి తీయుటకు చేనికి బోయిన పిల్లయు, వాగు పొంగి దాటలేక యింటనే నిలిచిపోయినవాడును, మఱునాడు ప్రధానోపాధ్యాయుని బల్లపై నుంచు కాగితమున 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అనియే వ్రాయుదురు; ఏలయన వారికి కంఠస్థమైన వాక్యము అదియొక్కటే. ఈ బిడ్డలు అసత్యమునందు ప్రీతి గలవారు కారు. 'నిన్న ఎందుకు రాలేదురా?' యని తెలుగున నడిగినచో, వాగు ఎంత ఎత్తున పాఱినదియు, ఎవరి యెడ్లబండి నడుమ దిగబడినదియు, ఏ పెద్దమనుష్యుడు వలదని గద్దించినదియు పూసగుచ్చినట్లు చెప్పగలరు. పరభాషలో తమ బ్రతుకును చెప్పుకొను శక్తి లేకపోవుటచే, తమకు వచ్చిన వాక్యమునకు సరిపడునట్లుగా తమ బ్రతుకునే మార్చుకొని వ్రాయుచున్నారు. ఆంగ్లమును ద్వితీయభాషగా నభ్యసించు విద్యార్థి వ్రాయు లేఖలను, నివేదికలను గూర్చి మాట వచ్చినపుడెల్ల మనము కాలదోషములను, వర్ణక్రమ దోషములను లెక్కించుటకు బూనుకొందుము. అవి లెక్కింపదగినవే. కాని వానికంటె ముందుగా విచారింపవలసినది, ఆ విద్యార్థి తాను చూచినదానిని, తనకు గావలసినదానిని ఆ కాగితముపై నిజముగా వ్రాయగలిగెనా లేదా యన్న ప్రశ్న యని నా దృఢవిశ్వాసము.

పదవతరగతి పరీక్షలోను, ఇంటర్మీడియట్ పరీక్షలోను ఉత్తరము వ్రాయుమను ప్రశ్న యుండును. దోమల బాధను గూర్చి మున్సిపల్ కమిషనర్‌కు, ధ్వనికాలుష్యమును గూర్చి పత్రికాసంపాదకునకు, పుస్తకములు పంపుమని విక్రేతకు వ్రాయవలెను. విద్యార్థి యింటి ముందు మురుగుకాలువ యున్నను లేకున్నను, లేఖ ఒక్కటే. పేరు, ఊరు మార్చినచో విజయనగరము వ్రాతకును, వనపర్తి వ్రాతకును భేదముండదు. చిరునామా ఏ మూలనున్నది, తేదీ వేసెనా, 'రెస్పెక్టెడ్ సర్' అనెనా, 'థాంకింగ్ యూ సర్' అని ముగించెనా యని చూచి మార్కులు వేయుదురు. వేలకొలది లేఖలు కమిషనర్‌ను సంబోధించి వ్రాయబడి, మూల్యాంకన కేంద్రమునకు బోయి, అచ్చటనే యాగిపోవును. నివేదికల గతియు నిట్టిదే. పాఠశాల వార్షికోత్సవమును వర్ణింపుమన్నచో, ముఖ్య అతిథి క్రమశిక్షణ ప్రాముఖ్యమును నొక్కి చెప్పినట్లు ప్రతి రిపోర్టులోను వ్రాయబడును. ఆయన వాస్తవముగా ఏమి చెప్పెనో వినిన విద్యార్థియు దానిని విడిచిపెట్టి, గైడు పుస్తకములో నున్న వాక్యమునే ఎక్కించును. కళాశాలకు బోయిన పిమ్మట ఈ యలవాటు మఱింత హానికరమగును. ప్రయోగశాలలో లోలకము నూపి తాను కొలిచిన కాలమును గాక, క్రిందటి యేటి సీనియర్ రికార్డులో నున్న కాలమును వ్రాసికొను విద్యార్థి, ఒకనాడు సెలవుచీటిలో జ్వరము తెచ్చుకొనిన బాలుడే గదా!

ఇట్లనుటచే నమూనాలేఖలను, ఫార్మాటులను నిరసించుచున్నానని తలపవలదు. మాతృభాషగా ఆంగ్లమును మాటలాడువారికిని అవి కావలసివచ్చినవి. పదునెనిమిదవ శతాబ్దిలో లండన్ నగరమున సామ్యూల్ రిచర్డ్‌సన్ అను ముద్రాపకుడు, ఇరువురు పుస్తకవిక్రేతలు కోరగా, చదువు తక్కువగా నున్న సామాన్యులకు ఉపయోగించు నమూనాలేఖల సంపుటమునొకదానిని కూర్చి 1741లో ప్రకటించెను. ఆ లేఖలలో నొక సందర్భమును గూర్చి వ్రాయుచుండగా ఆయన మనసున నాటుకొనిన కథయే పెరిగి పెద్దదై, ఆ సంపుటముకంటె ముందే, 1740లో 'పామెలా' యను నవలగా వెలువడెను. ఆ లేఖలలో ప్రతియొక్కటియు, ఒకానొక స్థితిలో నున్న మనుష్యుడు మఱియొక మనుష్యునకు ఒకానొక యవసరమునుబట్టి వ్రాసినదే. పని వెదకికొనుచు నగరమునకు బోయిన పిల్ల తలిదండ్రులకు వ్రాయును; తండ్రి కుమారుని మందలించుచు వ్రాయును. వ్రాయువాని మనసును, చదువువాని మనసును తలచుకొని కూర్చిన లేఖలగుటచేతనే వానినుండి నవల పుట్టగలిగినది. మన గైడులలోని నమూనాలలో చిరునామా కలదు, తేదీ కలదు, సంతకము కలదు. మనుష్యుడు మాత్రము లేడు.

తప్పులు లేని వ్రాత యెల్ల మంచి వ్రాతయే యను భ్రమను పోగొట్టిన పరిశోధన యొకటి కలదు. 1974లో జాక్వెలిన్ షాక్టర్ అను విదుషి, అమెరికాలో ఆంగ్లము నేర్చుకొనుచున్న పరదేశ విద్యార్థుల వ్యాసములను పరిశీలించి, సంబంధవాచక వాక్యములలో చైనీయులు, జపానీయులు చేయు తప్పులు పారసీకులు, అరబ్బులు చేయు తప్పులకంటె మిక్కిలి తక్కువగా నుండుటను గమనించెను. పైకి జూచిన, మొదటివారే ఎక్కువ నేర్చినట్లు తోచును. కాని ఆమె ఇంకను లోతునకు బోయి, వారు అట్టి వాక్యములను వ్రాయుటయే తక్కువయనియు, తమ భాషానిర్మాణమునకు దూరమైన రూపమును కష్టమని తప్పించుకొని పోయిరనియు వాదించెను. తప్పు కనబడనంత మాత్రమున విద్య వచ్చినట్లు కాదనియు, ఎఱ్ఱసిరా పడని కాగితము వెనుక భయము దాగియుండవచ్చుననియు ఈ పరిశీలన తెలుపుచున్నది. చీనా, జపాను భాషలలోవలెనే తెలుగునందును విశేషణవాక్యము నామమునకు ముందే వచ్చును. 'నిన్న మా వీధికి వచ్చిన లైన్‌మన్ మార్చిన తీగ మరల తెగినది' అని మన బాలుడు ఒక్క ఊపిరిలో అనగలడు. అదే యాంగ్లమున వ్రాయవలసివచ్చినపుడు నామమును ముందు నిలిపి, దాని వెనుక క్రియలను అల్లుకొనుచు పోవలెను. ఆ శ్రమకు జంకి యతడు, లైన్‌మన్ వచ్చెను, తీగ మార్చెను, తీగ తెగెను అని మూడు చిన్న వాక్యములుగా వ్రాయును. మూడును నిర్దుష్టములే. కాని తెగినది ఆ మార్చిన తీగయేనా, వేఱొకటియా యన్నది విద్యుచ్ఛాఖ అధికారికి తెలియదు. ఫిర్యాదునకు ప్రాణమైన సంగతి యదియే.

తెలుగు విద్యార్థికి ఆంగ్లలేఖలో నెదురగు చిక్కులు ఇంకను కలవు; వానిని తప్పులని ఒక్కమాటతో త్రోసివేయక, అవి యెచ్చటినుండి వచ్చుచున్నవో గుర్తెఱుగుట ఉపాధ్యాయునకు మిక్కిలి అవసరము. మనకు 'మేము', 'మనము' అని రెండున్నవి. చదువువానిని మనతో జేర్చుకొనుచున్నామో, వేఱుగా నుంచుచున్నామో ఆ మాటలోనే తేలిపోవును. ఆంగ్లమున రెంటికి నొక్కటే గనుక, వీధివారము వ్రాయుచున్నామని వేఱుగా చెప్పినగాని తెలియదు. కన్నదానిని 'వచ్చెను' అనియు, విన్నదానిని 'వచ్చెనట' అనియు తెలుగు పలుకుబడి సహజముగా వేఱుచేయుచున్నది. పల్లెలో అక్షరమెఱుగని అవ్వయు ఈ భేదమును పాటించును. ఆంగ్లవాక్యమున దానిని ప్రత్యేకముగా చేర్చవలసియుండుటచే, అది జాఱిపోయి, వినికిడియెల్ల ప్రత్యక్షమువలె నివేదికలోని కెక్కుచున్నది. నివేదిక వ్రాయువానికి ఇంతకంటె పెద్ద ప్రమాదము లేదు. అన్నిటికంటె నన్ను ఆలోచింపజేయునది మర్యాద సంగతి. తెలుగున పెద్దవారిని 'మీరు' అందుము, 'గారు' చేర్చుదుము, క్రియను బహువచనమున నుంతుము. ఒక వాక్యములో మూడు తావుల వినయము ధ్వనించును. ఆంగ్లమున తండ్రికిని తమ్మునికిని ఒకే సర్వనామమగుటచే మన విద్యార్థికి ఆ వాక్యము బోడిగా కనబడును. ఆ లోటు పూరించుకొనుటకే 'రెస్పెక్టెడ్' అనియు, 'హంబ్లీ' యనియు, 'కైండ్లీ' యనియు మాటలు గ్రుమ్మరించుచున్నాడు. ఇది యజ్ఞానము గాదు. సంస్కారవంతుడైన బిడ్డ తనకు దొరకిన పరికరములతో పెద్దలను గౌరవించుటకు చేయు ప్రయత్నము. ఆంగ్లమున గౌరవము వాక్యనిర్మాణమున, అడుగు తీరున నుండునని యతనికి నెమ్మదిగా చూపవలసినదేగాని, నవ్వరాదు.

లేఖలోని విషయక్రమమును గూర్చియు నిట్లే చెప్పవలసియున్నది. పట్టణమున చదువుకొను కుమారుడు తండ్రికి వ్రాయు ఉత్తరము మన సంప్రదాయములో నమస్కారముతో మొదలై, ఉభయకుశలోపరి యని క్షేమసమాచారము ముగించుకొని, వానలను, పంటను, ఈనిన గేదెను విచారించి, కట్టకడపట ఫీజు సొమ్మును గూర్చి రెండు ముక్కలతో ముగియును. వచ్చిన పనిని వాకిటిలోనే చెప్పుట మోటుతనమని పెద్దలు మనకు నేర్పిరి. ఆంగ్ల వ్యవహారలేఖ మొదటి వాక్యముననే పని చెప్పవలెనని కోరును. విషయసూచిక యను పంక్తి వేసి, దాని క్రిందనే కావలసినదానిని తెలిపి, కారణములను తరువాత నుంచవలెను. రెండు పద్ధతులలో నేదియు హీనమైనది కాదు. కుమారునియుత్తరము తండ్రి తీరికగా, ఒకటికి రెండుసార్లు చదువుకొనును. అధికారి బల్లపై ఒకే నాడు పెక్కు లేఖలు పడును. చదువువాని పరిస్థితియే క్రమమును నిర్ణయించినదని చెప్పినచో పదునాలుగేండ్ల బాలునకును అర్థమగును. కారణము చెప్పక ఫార్మాటు మాత్రమే చెప్పినపుడు అది మంత్రమువలె మిగిలిపోవును.

ఈ విషయమున మనకు సొంతమైన చరిత్ర యొకటి కలదు. దానిని మన ఆంగ్లోపాధ్యాయులు తఱచుగా తలచకుండుట నాకు విచారము గలిగించును. కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమున సర్వే చేయుచు, 1815లో భారతదేశమునకు సర్వేయర్ జనరల్ అయి, 1821లో మరణించువఱకును శాసనములను, తాళపత్రములను, గ్రామచరిత్రలను సేకరించిన సంగతి లోకవిదితము. ఆ సేకరణకు కాళ్లును కన్నులునైనవారు మన దేశీయ సహాయకులు. వారిలో ఏలూరినుండి వచ్చిన కావలి సోదరులు ముఖ్యులు. వేంకట బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే గతించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. మఱియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రను ఆంగ్లముననే రచించి 1829లో కలకత్తాలో ప్రకటించెను. లక్ష్మయ్యయు, నారాయణరావు మొదలగు తక్కిన సేకర్తలును ఊరూరు తిరుగుచు తమ పనిని గూర్చి మెకంజీకి లేఖలును, నివేదికలును పంపుచుండిరి. ఏ తేదీన ఏ గ్రామము జేరితిమి, అచ్చటి కరణము కవిలెలు చూపెనా దాచెనా, ఏ యాలయమున శాసనమునకు నకలు తీసితిమి, ఏ గ్రంథము దొరకినది, దేనికి ఎవరు అభ్యంతరము చెప్పిరి అను సంగతులు వానియందు కలవు. పన్నులు పెంచుటకే వీరు వచ్చిరని శంకించి నోరు మెదపని గ్రామస్థుల ప్రసక్తియు కలదు. ఆ లేఖలు, నివేదికలు నేటికిని మెకంజీ సంచయములో ప్రత్యేకభాగముగా నిలిచి, చరిత్రకారులకు ఆధారములగుచున్నవి.

ఆ యాంగ్లము నిర్దుష్టముగా నుండెనని చెప్పజాలము. అందు తెలుగు, మరాఠీ వాక్యముల నడక కనబడును. క్రియలు తావు తప్పును. పదముల కూర్పు వింతగా నుండును. ఐనను రెండువందల యేండ్ల పిదప వానిని చదువువారికి ఏమి జరిగినదో తెలియుచున్నది. ఆ సేకర్తల ముందు గైడు పుస్తకము లేదు. వారి ముందు శాసనమున్నది, కరణమున్నాడు, దూరమున సమాధానమునకై యెదురుచూచు పాఠకుడున్నాడు. పొరపాటైన సంగతి వ్రాసినచో ఆ పాఠకుడు మరల ప్రశ్నించును. ఈ మూడింటి బలముచేతనే వారి వచనము నిలిచినది. ఇంత చేసినను లక్ష్మయ్యకు దక్కవలసిన గౌరవము దక్కలేదు. మెకంజీ మరణానంతరము ఆ పరిశోధనను తాను కొనసాగింతునని ఆయన ప్రతిపాదించగా, కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వారు, జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా నున్న కాలమున, అట్టి బాధ్యతకు ఆయన తగినవాడని యంగీకరింపలేదు. వివరములు సేకరించుటకు పనికివచ్చిన మనుష్యుడు, వానినుండి నిర్ణయము చేయుటకు పనికిరాడని తలచుట అన్యాయమని నేడు నిస్సంకోచముగా చెప్పవచ్చును. ద్వితీయభాషలో వ్రాయువానిని, వాని వ్యాకరణమునుబట్టి వాని బుద్ధిని కొలుచుట నేటికిని పోలేదు గనుకనే ఈ సంగతి ఇంతగా చెప్పవలసివచ్చినది.

తరువాతి కాలమునకు వచ్చినచో గురజాడ అప్పారావుగారి యుదాహరణము కలదు. ఆయన తన దినచర్యలను, లేఖలను బహుభాగము ఆంగ్లమున వ్రాసికొనిరి. అవసరాల సూర్యారావుగారు వానిని పిమ్మట తెలుగులోనికి దెచ్చిరి. 'కన్యాశుల్కము' నాటకమునకు కూర్చిన అంకితమును, పీఠికయు ఆంగ్లములే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘమునకు ఆయన సమర్పించిన అసమ్మతి పత్రము, తెలుగు విద్యార్థి తన వ్యాసమును ఏ తెలుగున వ్రాయవలెనన్న వివాదమునకు సంబంధించినదైనను, ఆంగ్లముననే వ్రాయబడినది. గిడుగు రామమూర్తిగారు 1913లో ఆధునిక తెలుగును గూర్చి ప్రకటించిన మెమొరాండమును ఆంగ్లమే. దానికి ప్రతివాదముగా జయంతి రామయ్యగారు వ్రాసినదియు ఆంగ్లమే. నిర్ణయము చేయువారు ఏ భాష చదువుదురో ఆ భాషలో వాదము నడిపిరి. ఇరుపక్షముల వారికిని తెలుగుభాషపై గల సంపూర్ణాధికారమే ఆ యాంగ్ల నివేదికలకు సామగ్రిని సమకూర్చినది. తెలుగును మఱపించినగాని ఆంగ్లము రాదను నేటి తలంపునకు వీరి జీవితములలో ఎట్టి యాధారమును కనబడదు.

పాతకాలపు కచేరీ ఆంగ్లమును మనమింకను విడువకుండుటయు విచారణీయమే. 'ఐ బెగ్ టు స్టేట్', 'డూ ది నీడ్‌ఫుల్' మొదలగు పలుకులు మన కార్యాలయములలో తరతరములుగా దిగివచ్చుచున్నవి. ఇంగ్లండులో ఈ విషయమై ఎప్పుడో కదలిక వచ్చినది. 1940 ఆగస్టు 9న, యుద్ధము నడుమ, ప్రధాని చర్చిల్ తన మంత్రులకును అధికారులకును, నివేదికలు కుదించి, ముఖ్యాంశములు చిన్న చిన్న పేరాలలో వ్రాయుడని ఒక పుటలో ఉత్తరువు పంపెను. 1948లో సర్ ఎర్నెస్ట్ గవర్స్, ప్రభుత్వ కోశాగారము వారు కోరగా, ఉద్యోగులకై 'ప్లెయిన్ వర్డ్స్' అను పుస్తకము రచించి, చదువువానికి వెంటనే తెలియునట్లు వ్రాయుటయే కచేరీభాషకు గల ధర్మమని బోధించెను. వారు వాడి విడిచిన మాటలను మనము వినయమని దాచుకొనుటచే మన పిల్లలు నష్టపోవుచున్నారు. అమెరికా విశ్వవిద్యాలయములోని ఆచార్యునకు మొదటి ఈ-మెయిలు వ్రాయు తెలుగు విద్యార్థి, పేరాలకొలది స్తుతించి, తాను అడుగదలచిన ప్రశ్నను చివరి పంక్తిలో దాచిపెట్టును. ఆచార్యుడు అంతదూరము చదువడు.

నేడు విదేశములకు బోవగోరువారు వ్రాయు పరీక్షలు ఈ విషయమున మన పరీక్షలకంటె ముందున్నవని యొప్పుకొనక తప్పదు. ఐఇఎల్‌టిఎస్ పరీక్షలో సాధారణ విభాగమువారికి మొదటి ప్రశ్న కనీసము నూటయేబది మాటల లేఖ; విద్యావిభాగమువారికి పట్టికనో చిత్రమునో చూచి వ్రాయు అంతే పరిమాణముగల నివేదిక. వైద్యవృత్తిలోనివారికై యేర్పడిన ఓఇటి పరీక్ష ఇంకను ఆలోచింపదగినది. నర్సునకు ఒక రోగికి సంబంధించిన కేసు నోట్సు నిత్తురు. ఐదు నిమిషములు చదువుకొని, నలువది నిమిషములలో ఆ రోగి బాధ్యత వహింపబోవు వేఱొక నర్సునకో వైద్యునకో 180 మొదలు 200 మాటల లేఖ వ్రాయవలెను. నోట్సులో నున్నదెల్ల ఎక్కింపరాదు. చదువబోవువానికి ఏది యవసరమో ఏది యనవసరమో తానే నిర్ణయింపవలెను. పది యేండ్ల క్రిందటి శస్త్రచికిత్స గృహమునకు వచ్చి కట్టు మార్చు నర్సునకు అక్కఱలేకపోవచ్చును. పెన్సిలిన్ పడదన్న సంగతి విడిచినచో ప్రాణాపాయము. ఆ లేఖను మూల్యాంకనము చేయుటకు ఆఱు ప్రమాణములు కలవు: ప్రయోజనము తెలిసినదా, విషయము సరిగానున్నదా, క్లుప్తముగా స్పష్టముగా నున్నదా, వృత్తికి తగిన శైలియేనా, కూర్పు బాగున్నదా, కడపట భాష యెట్లున్నది. వ్యాకరణమునకు ఆఱింటిలో నొక స్థానము. మన తరగతిగదులలో ఈ క్రమము పూర్తిగా తలక్రిందుగా నున్నది.

తరగతిలో అఱువదిమంది పిల్లలున్న ఉపాధ్యాయునకు ఇదంతయు సాధ్యమా యని యడుగవచ్చును. ఆ కష్టమును నేను తేలికగా దీసికొనుట లేదు. అఱువది కాగితములలో ప్రతి తప్పును దిద్దుటకు గూర్చుండు ఉపాధ్యాయునకు రాత్రి నిద్ర యుండదు. దిద్దినదానిని పిల్లలు మార్కు మాత్రము చూచి మడిచివేయుదురు. 1996లో జాన్ ట్రస్కాట్ అను పండితుడు, ద్వితీయభాషా రచనలో వ్యాకరణము దిద్దుట ప్రయోజనకరము కాదనియు, హానికరమనియు వాదించి పెద్ద దుమారము లేపెను. ఆ వాదము నంతదూరము నేను అంగీకరింపను. తన తప్పు తెలిసికొనగోరు బిడ్డకు చెప్పకుండుటయు అన్యాయమే. ఐతే క్రమము మార్చవచ్చును. 1983లో వివియన్ జామెల్ అను పరిశోధకురాలు, ఆఱుగురు ద్వితీయభాషా విద్యార్థులు వ్యాసము వ్రాయుటను దగ్గఱనుండి చూచి, వారిలో నేర్పరులు మొదట భావమును దిద్దుకొని మాటల తప్పులు పిమ్మట చూచుకొందురనియు, నేర్పు తక్కువవారు మొదటినుండియు మాట మాటకు ఆగి చిక్కుపడుదురనియు గమనించెను. కనుక ఉపాధ్యాయుడు మొదటిసారి ఎఱ్ఱకలము ముట్టక, ఆ లేఖ యెవరికి వ్రాయబడినదో వారివలె చదివి, 'ఏ వీధి? ఎన్ని దినములనుండి? నీవు చూచితివా, ఎవరైన చెప్పిరా?' యని యడుగవలెను. బిడ్డ తెలుగున సమాధానము చెప్పినను సరియే. ఆ సమాధానము కాగితముపైకి వచ్చిన తరువాత, అందఱికిని సామాన్యమైన రెండు మూడు దోషములను నల్లబల్లపై చూపిన జాలును. మనకు దగ్గఱలోనే 1979 మొదలు 1984 వఱకు ఎన్.ఎస్. ప్రభు అను ఆంగ్లబోధనానిపుణులు బెంగుళూరులోను, మద్రాసులోను కొన్ని పాఠశాలలలో రైలు వేళల పట్టికలు, పటములు మొదలగువానిని పిల్లల ముందుంచి, ఏదో యొక సమస్యను పరిష్కరింపజేయుచు ఆంగ్లము నేర్పుటకు ప్రయత్నించిరి. మనసు అర్థముపై నిలిచినపుడు భాష దానివెంట వచ్చునను నమ్మకముతో చేసిన ప్రయత్నమది. నివేదికను బోధించుటకు అంతకంటె తగిన త్రోవ నాకు దోచలేదు.

కళాశాల విద్యార్థులకు నిజమైన పాఠకుని జూపుటకు చట్టమే యొక వీలు కల్పించినది. 2005 సమాచార హక్కు చట్టము ప్రకారము దరఖాస్తును ఆంగ్లమునగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికారభాషలోగాని వ్రాయవచ్చును. సమాచార మెందుకు కావలెనో కారణము చెప్పనక్కఱలేదు. సాధారణముగా ముప్పది దినములలో సమాధానమీయవలెను. విద్యార్థి దీనిని మొదట తెలుగున వ్రాసికొని, పిమ్మట ఆంగ్లమున వ్రాసి చూచినచో ఎన్నియో సంగతులు తామే బయటపడును. ఇందు బ్రతిమాలుటకు తావులేదు, జ్వరమునకును తావులేదు. 'మా యూరి రోడ్డు సంగతి తెలుపుడు' అన్నచో ఏ సమాధానమును రాదు. ఏ రోడ్డు, ఎక్కడినుండి యెక్కడివఱకు, ఏ సంవత్సరమున మంజూరైన సొమ్ము, ఏ పత్రము నకలు అని యడిగినగాని రాదు. సమాధానము తిరిగివచ్చినపుడు, అది సంతృప్తికరమైనదైనను కాకున్నను, తన వాక్యమును ఒకరు చదివి దానిపై పని చేసిరన్న యనుభవము ఆ విద్యార్థికి కలుగును. ఆ యనుభవము వేయి నమూనాలేఖలవలన రాదు.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చినప్పటినుండి తప్పులు లేని లేఖను క్షణములో వ్రాయు యంత్రము విద్యార్థి చేతికి వచ్చినది. ఫార్మాటును కంఠస్థము చేయించు చదువునకు ఇకమీదట విలువ యుండబోదని దీనివలన తేటతెల్లమైనది. తీగ ఎప్పుడు తెగెనో, ఎవరు చూచిరో ఆ యంత్రమునకు తెలియదు. చెప్పకున్నచో అదియు కల్పించును.

2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది; ఆంధ్రప్రదేశమునందును ఈ వాదప్రతివాదములు న్యాయస్థానములదాక పోయినవి. ఇంట ఆంగ్లము వినని బిడ్డలు ఇకమీదట సామాన్యశాస్త్ర ప్రయోగమును, సాంఘికశాస్త్ర సర్వేను ఆంగ్లముననే నివేదింపవలసివచ్చుచున్నది. అందుచే పరీక్షలోని ప్రశ్నపత్రము మారుట అత్యవసరము. దోమలను గూర్చి వ్రాయుమని ఒక్క వాక్యముతో ప్రశ్న నీయుటకు బదులు, ఒక వీధిలో ఒక వారము జరిగిన సంగతులను తెలుగున పది పంక్తులలో నీయవచ్చును: సోమవారము కాలువ పొంగినది, బుధవారము పనివారు వచ్చి సగము తీసి పోయిరి, మూడవ యింటి ముసలమ్మకు జ్వరము వచ్చినదని ఎవరో చెప్పిరి, ఎదురింటివారి కుక్క తప్పిపోయినది, శుక్రవారము మరల వాన పడినది. వీనినుండి కమిషనర్‌కు కావలసినవానిని ఏరుకొని, కుక్కను విడిచి, ముసలమ్మ జ్వరమును విన్నమాటగానే చెప్పి, తనకు కావలసినదానిని మొదటి వాక్యముననే యడిగి లేఖ వ్రాయుమనవచ్చును. పదిమార్కులలో ఆఱింటిని ఈ యెంపికకు, క్రమమునకు, స్పష్టతకు ఉంచి, తక్కిన నాలుగింటిని భాషకును ఫార్మాటునకును ఉంచవచ్చును. ఆ పంక్తులలోని సంగతులు ఏటేట మార్చినచో గైడులవారు ముందుగా జవాబు అచ్చువేయలేరు. మూల్యాంకనమునకును, ఏది యుండవలెనో ఏది యుండరాదో తెలుపు చిన్న పట్టిక చాలును. ప్రశ్నపత్రము కూర్చువారు దీనికై మఱి రెండు గంటలు శ్రమింపవలసియుండును.